మామ చూడని మ్యాచులు

మా మామ టీవీ ముందు కూర్చుంటే ఇండియా ఓడిపోతుందని మొదట కనిపెట్టింది నా మొగుడు. ఆయన బోధన్‌లో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. కాలిపోయిన మోటారు విప్పి, లోపల ఏ తీగ ఎక్కడ తెగిందో వెతికి పట్టుకోవడం ఆయన పని. అదే అలవాటుతో ఇండియా జట్టును కూడా విప్పి చూశాడు. బ్యాటింగు బాగానే ఉంది, బౌలింగు బాగానే ఉంది. తప్పంతా సొంత బాపు దగ్గర, అంటే మా మామ దగ్గర తేలింది.

ఆ ఏడాది ఆటలకు అంతు లేదు. జనవరిలో ఖోఖో ప్రపంచకప్పుతో మొదలైంది. ఎండలు ముదరకముందే దుబాయిలో క్రికెట్ కప్పు, ఎండాకాలమంతా ఊళ్ళ పేర్లు పెట్టుకున్న జట్ల పొట్టి క్రికెట్టు, వానలు తగ్గాక హాకీ, దసరా నుంచి దీపావళి దాటేదాకా ఆడవాళ్ళ క్రికెట్ ప్రపంచకప్పు, ఆఖరున ఆడవాళ్ళ కబడ్డీ. ఒకటి అయిపోయిందని టీవీ మీద బట్ట కప్పేలోపల ఇంకోటి వచ్చి కూర్చునేది. మా ముందు గదిలోనే టీవీ, దాని పక్కనే నా కుట్టు మిషను. వాడలో ఆడవాళ్ళ జాకెట్లన్నీ నేనే కుడతాను కాబట్టి నాకు ఇష్టం ఉన్నా లేకపోయినా ప్రపంచంలో ఎవరు ఎవరిని ఓడించినా తెలిసిపోయేది. ఒకసారి మెడ కత్తిరించాల్సిన చోట చేతులు కత్తిరించాను. ఆ జాకెట్టు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మామ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాటా దగ్గర పనిచేసేవాడు. ఫ్యాక్టరీ మూతబడ్డాక నిజాంసాగర్ కాలువ కింద ఉన్న పొలం చూసుకుంటున్నాడు. కొంత వరి, కొంత పసుపు. వయసులో ఉన్నప్పుడు ఫ్యాక్టరీ తరఫున వాలీబాల్ ఆడిన మనిషి. ఆట ఏదైనా నిలబడి చూసే రకం. అత్తకు మాత్రం ఆటలంటే అప్పటిదాకా గిట్టేది కాదు. ఒళ్లో చేట పెట్టుకొని బీడీలు చుడుతూ సీరియళ్ళు చూసేది. మ్యాచ్ ఉన్న రోజున రిమోట్ ఇవ్వాల్సి వస్తుందని ఆమెకు క్రికెట్ మీద పాత పగ.

ఆ పగ ఖోఖోతో పోయింది. ఫైనల్ ఆడిన ఆదివారం సాయంత్రం మామ నవీపేట్‌లో చుట్టాల ఇంట్లో దావత్‌కు పోయాడు. అత్త ఛానళ్ళు మారుస్తూ మారుస్తూ ఒకచోట ఆగిపోయింది. తెర మీద ఆడపిల్లలు వరసగా కూర్చొని, లేచి, వంగి, వీపు మీద చెయ్యి వేసి ఉరుకుతున్నారు. బడిలో తానూ ఆడేదాన్నని, తనను ముట్టుకున్న పిల్ల లేదని అత్త నాతో చెప్పింది. చేట పక్కన పెట్టింది. ఆడపిల్లలూ గెలిచారు, తర్వాత మొగపిల్లలూ గెలిచారు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన తర్వాత అత్త చేట దించి టీవీ చూడటం అదే మొదలు.

దుబాయి మ్యాచులు మధ్యాహ్నం పూట వచ్చేవి. మా వాడలో ప్రతి ఇంటి నుంచి ఒకరో ఇద్దరో దుబాయికి పోయి వచ్చినవాళ్ళే కాబట్టి, ఆ స్టేడియం పక్కనే తాము ఉన్నట్టు, ఆ గడ్డికి తామే నీళ్ళు పట్టినట్టు మాట్లాడేవాళ్ళు. నా మొగుడు దుకాణం మూసేసి స్నేహితులను వెంటేసుకొని వచ్చేవాడు. ముందు గది నిండిపోయేది. ఒకరోజు మామ పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, తువాలతో ముఖం తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఎంత కొట్టారని అడిగాడు. అడగడం పూర్తికాలేదు, వికెట్ పడింది. ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి చాయ్ గ్లాసు పట్టుకొని మళ్ళీ వచ్చాడు. ఇంకో వికెట్. ఈసారి నా మొగుడు మామ వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. కాలిన మోటారులో నల్లబడ్డ తీగను చూసే చూపు అది.

తర్వాతి మ్యాచ్‌లో పరీక్ష పెట్టాడు. మామను రమ్మన్నాడు, కూర్చోమన్నాడు. వికెట్ పడింది. బయటికి పొమ్మన్నాడు. ఫోర్ కొట్టారు. దాంతో తేలిపోయింది.

"బాపు, నీ సూపు మంచిది గాదు. జర బయట కూసో," అన్నాడు అందరి ముందర.

మామ తువాల భుజాన వేసుకొని వరండాలోకి పోయి కూర్చున్నాడు. నాకు బాధనిపించింది. అత్త మాత్రం తల కూడా ఎత్తలేదు. లేచి వచ్చి, టీవీకి ఎదురుగా ఖాళీ అయిన మామ పడక కుర్చీలో చేటతో సహా సర్దుకొని కూర్చుంది.

ఫైనల్ రోజున వరండా కూడా దగ్గరే అనిపించింది నా మొగుడికి. కిటికీలోంచి చూపు పడితే ఎలా అని భయం. అందుకని పొద్దున్నే ఒక పని పుట్టించాడు. నిజాంసాగర్ నుంచి కాలువకు నీళ్ళు వదిలారట, మన తూము దాకా వచ్చాయో లేదో చూసి రమ్మన్నాడు. వచ్చేదాకా అక్కడే ఉండమన్నాడు. రాకపోతే ఇంకా మంచిది, ఇంకాసేపు ఉండమన్నాడు. మామ మోపెడ్ తీసుకొని పోయాడు. దీపాలు పెట్టాక కూడా రాలేదు. ఇక్కడ కప్పు గెలిచి, పటాకులు కాల్చి, జనమంతా వెళ్ళిపోయాక మోపెడ్ చప్పుడు వినిపించింది. నా మొగుడు ఎదురుపోయి బాపును వాటేసుకున్నాడు. నువ్వు పోవడం వల్లే వచ్చిందన్నాడు. నీళ్ళు వచ్చాయా అని అడగడం మరిచిపోయాడు.

మరుసటి రోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు మామ నా మిషను దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. ఒక కాగితం పొట్లం బట్టల కింద పెట్టాడు. మిర్చీ బజ్జీలు.

"బిడ్డ, నిన్న ఒక్క బాల్ ఇడిసిపెట్టలే. మొత్తం సూసిన," అన్నాడు.

కాలువ రోడ్డు మీద ఒక హోటల్ ఉంది. దాంట్లో మా ఇంట్లో ఉన్నదానికంటే పెద్ద టీవీ ఉంది. మామ తూము దగ్గరకు పోనేలేదు. మధ్యాహ్నం హోటల్‌లో కూర్చున్నవాడు కప్పు చేతికిచ్చేదాకా లేవలేదు. వికెట్లు పడ్డాయి, ఫోర్లూ పోయాయి, అన్నీ ఆయన కళ్ళ ముందే జరిగాయి. మరి ఈ మాట కొడుకుతో చెప్పొచ్చు కదా అన్నాను. చూపు మంచిదేనని తేలిపోతుంది కదా అన్నాను.

మామ నన్ను జాలిగా చూశాడు. పసుపు ఉడకబెట్టే రోజులవి. మ్యాచ్ లేని నాడు తాను పొద్దంతా ఆవిరి దగ్గర నిలబడుతున్నాడు. మ్యాచ్ ఉన్న నాడు కొడుకే చేతిలో ఖర్చులకు పెట్టి, దూరం పో, నిదానంగా రా అంటున్నాడు. ఇలాంటి ఏర్పాటును ఎవరైనా చెడగొట్టుకుంటారా అన్నది ఆయన ప్రశ్న. బజ్జీలు తిన్నాను. ఆ తర్వాత నేనూ ఆయన పార్టీయే.

అక్కడి నుంచి మామకు తన విలువ తెలిసింది. మ్యాచ్ ఉన్న రోజున స్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకొని, టీవీ ఎదురుగా వచ్చి నిలబడేవాడు. మోకాళ్ళు నొస్తున్నాయి, ఇయ్యాల ఎక్కడికీ పోలేనని మెల్లగా అనేవాడు. నా మొగుడి ముఖం మాడిపోయేది. ఆ మోకాళ్ళ నొప్పి మటన్ తెస్తే తగ్గేది. ఒకసారి కొత్త చెప్పులు తెచ్చేదాకా తగ్గలేదు. సంగతి వాడంతా పాకింది. మ్యాచ్ నాడు మామ నడిచి పోతుంటే అరుగుల మీద ఉన్నవాళ్ళు లేచి, ఇంటి దాకా ఎందుకు, ఇక్కడే తాగి పో కాక అని చాయ్ చేతికిచ్చి మూల మలుపు దాకా సాగనంపేవాళ్ళు. అంత మర్యాద ఆయనకు ఫ్యాక్టరీ ఉన్న రోజుల్లో కూడా దొరకలేదు.

ఎండాకాలం పొట్టి క్రికెట్టు మొదలయ్యాక ఈ చూపును పక్కింటి మీద ప్రయోగించాలని నా మొగుడికి తోచింది. పక్కింటాయన నిజామాబాద్ యార్డులో పసుపు దలాలి. రోజూ పొద్దున బస్సెక్కి పోతాడు, సాయంత్రానికి బట్టల నిండా పసుపు దుమ్ముతో దిగుతాడు. ఆ పోటీల్లో పసుపు చొక్కాల జట్టు ఒకటుంది. ఆ జట్టు మనదేనని, అది మన మాల్ రంగేనని ఆయన నమ్మకం. గెలిచిన నాడల్లా మా గోడ మీద చెయ్యి వేసి నా మొగుణ్ణి ఏడిపించేవాడు. ఎందుకంటే నా మొగుడిది హైదరాబాద్ జట్టు.

అందుకని పసుపు జట్టు ఆడే సాయంత్రాల్లో మామను పక్కింటికి పంపడం మొదలుపెట్టాడు. దలాలికి మొదట సంబరమే. ఆయన పొద్దంతా యార్డులో ఉండే మనిషి, మామ చూపు సంగతి ఇంకా చెవిన పడలేదు. పెద్దమనిషి వచ్చాడని కుర్చీ వేశాడు, అటుకులు పెట్టించాడు. పసుపు జట్టు ఓడింది. ఇంకోసారి మామిడిపండ్లు కోసి పెట్టారు. మళ్ళీ ఓడింది. మామ ఓదార్చి వచ్చేవాడు. ఆటలన్నాక గెలుపోటములు ఉంటాయని, మనసులో పెట్టుకోవద్దని చెప్పి వచ్చానని నాతో అనేవాడు. ఆ ఓదార్పు చెప్పేటప్పుడు ఆయన మీసాల కింద నవ్వును దలాలి ఎలా కనిపెట్టలేదో నాకు అర్థం కాలేదు.

ఎవరు చెప్పారో కాని, ఒక సాయంత్రం మామ పోయేసరికి పక్కింటి గేటుకు లోపలి నుంచి తాళం వేసి ఉంది. కిటికీ తలుపులు మూసున్నాయి. లోపల టీవీ గట్టిగా మోగుతోంది. మామ గేటు పట్టుకొని నిలబడి, ఎంత కొట్టిండ్రని అడిగాడు.

"ఇంట్ల ఎవ్వరు లేరు," అని దలాలి గొంతు లోపలి నుంచి వినిపించింది.

"ఎక్కడికి పోయిండ్రు?" అన్నాడు మామ.

లోపల టీవీ చప్పుడు తగ్గింది. "నిజామాబాద్ పోయిండ్రు," అంది గొంతు.

మామ మర్యాద తప్పలేదు. సరే, వచ్చాక నేనొచ్చి పోయానని చెప్పమని చెప్పి తిరిగొచ్చాడు. ఆ రోజూ పసుపు జట్టు ఓడింది. గేటు దగ్గర నిలబడ్డా చాలు, చూపు గోడలు దాటుతుందని వాడలో అనుకున్నారు. పోటీలు ముగిసేసరికి ఆ జట్టు అన్నిటికంటే కింద మిగిలింది. అంతకుముందు అలా ఎప్పుడూ జరగలేదట. దలాలి కొన్నాళ్ళు మా వైపు చూడకుండా బస్టాండుకు వేరే సందులోంచి పోయాడు. నాకు కొంచెం పాపమనిపించింది కాని, ఆయన సందు మార్చుకున్న తీరు చూస్తే నవ్వాగేది కాదు.

ఇక్కడే ఒక మార్పు వచ్చింది. అప్పట్లో నేను గమనించలేదు. మామ హోటల్ బజ్జీల గురించి నాతో నవ్వుతూ మాట్లాడటం తగ్గించాడు. పసుపు జట్టు అట్టడుగున మిగిలిన రోజున చాలాసేపు వరండాలో ఒక్కడే కూర్చున్నాడు. తన చూపులో నిజంగానే ఏదో ఉందేమోనన్న అనుమానం అప్పుడే మొలకెత్తిందని ఇప్పుడు అనిపిస్తుంది.

దసరా దగ్గర ఆడవాళ్ళ ప్రపంచకప్పు మొదలైంది. ఇప్పుడు టీవీ ముందు అత్తది రాజ్యం. ఖోఖో చూసిన నాటి నుంచి ఆడపిల్లలు ఆడే ఏ ఆటైనా ఆమెకు సొంత ఇంటి వ్యవహారమే. క్రికెట్ నియమాలు నన్నడిగి నేర్చుకుంది. ఎల్బీడబ్ల్యూ మాత్రం ఒప్పుకోలేదు. కాలికి తగిలితే దెబ్బ తగిలిన పిల్లనే బయటికి పంపడమేమిటని వాదించేది. పరుగులు తీస్తుంటే బీడీలు వదులుగా చుట్టేది, వికెట్లు పడుతుంటే బిగించి చుట్టేది. బిగిసినవీ వదులైనవీ కార్ఖానాలో తీసి పక్కన పడేస్తున్నారని మ్యాచ్ నాడు చుట్టడానికి ఆకులు తడపడమే మానేసింది.

మొదట్లో మన పిల్లలు బాగానే గెలిచారు. తర్వాత ఒక మ్యాచ్ ఓడారు. దాని వెనక ఇంకోటి. దాని వెనక ఇంకోటి. మామ ఆ మూడూ చూశాడు. రెండు హోటల్‌లో చూశాడు. మూడోదానికి హోటల్‌లో కరెంటు పోతే ఇంటికొచ్చి, పెరట్లో నీళ్ళ తొట్టి వెనక కూర్చొని నా ఫోనులో చూశాడు. గెలవాల్సిన మ్యాచ్ అది. చివర్లో చేజారిపోయింది. ఫోను తిరిగిచ్చేటప్పుడు ఆయన చేతిలో తడి ఉంది. తొట్టి నీళ్ళేమో అనుకున్నాను. ముఖం చూస్తే చెమట అని తెలిసింది.

"బిడ్డ, నిజంగనే నాతోటేనా?" అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మార్చిలో దుబాయి ఫైనల్ మొత్తం చూశారు కదా, కప్పు వచ్చింది కదా అని గుర్తుచేశాను. అప్పుడు ఆడింది మొగవాళ్ళని, తన చూపు ఆడపిల్లల ఆటకు తగులుతోందేమోనని అన్నాడు. పసుపు జట్టులో ఉన్నది మొగవాళ్ళే కదా మామా అన్నాను. అది ఇంకో రకం చూపు అన్నాడు. అన్ని రకాల చూపులూ ఒక్క మనిషికే ఎలా ఉంటాయని అడిగితే, అదే తన బాధ అన్నాడు.

తర్వాతి మ్యాచ్‌కు మామ ఎవరూ చెప్పకుండానే పొలం పోయాడు. హోటల్ వైపు తలైనా తిప్పలేదట. మన పిల్లలు గెలిచారు, సెమీఫైనల్‌కు పోయారు. ఇంట్లో అందరూ కేకలు వేస్తుంటే పొలం నుంచి వచ్చిన మామ సంగతి విని, తలాడించి, అన్నం పెట్టమన్నాడు. తన అనుమానమే నిజమైన మనిషిలా తిన్నాడు. గెలిచిన ఇంట్లో అంత దిగులుగా అన్నం తినడం నేనెప్పుడూ చూడలేదు.

సెమీఫైనల్ నాటికి తుపాను వానలు పట్టుకున్నాయి. కోసిన వడ్లు పొలం పక్క రోడ్డు మీద పోసి ఉన్నాయి. మామ టార్పాలిన్ కప్పి కాపలా కూర్చున్నాడు. నిజానికి ఆ పూట కాపలాకు పక్క పొలం వాళ్ళున్నారు. ఈయన ఉండాల్సిన పని లేదు. అవతలి జట్టు కొండంత స్కోరు చేసింది. ఆట మధ్యలో విరామం వచ్చింది. నా మొగుడు వంటింట్లోకి వచ్చి, బాపు దూరంగా ఉన్నాడు కాబట్టి కొంచెం ఆశ ఉందన్నాడు. అప్పుడు నాకు ఆగలేదు. ఆయన దూరంగా ఉన్నది కొడుకు పంపినందుకు కాదని, తన చూపు నిజంగానే చెడ్డదని నమ్మి తనే పోయాడని చెప్పేశాను. హోటల్ సంగతి మాత్రం నా నోటి నుంచి రానివ్వలేదు.

అత్త పడక కుర్చీలోంచి మాట్లాడింది.

"మార్చిల హోటల్ల కూసుండి మొత్తం మ్యాచ్ సూసినోనికి గిదేం రోగం?"

నేను చేతిలో ఉన్న గంటె అలాగే పట్టుకొని నిలబడ్డాను. నా మొగుడు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. హోటలాయన భార్య కూడా బీడీలు చేస్తుంది. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే వరసలో ఆమె, అత్త ముందు వెనకే నిలబడతారు. దుబాయి ఫైనల్ మర్నాడే సంగతంతా అత్తకు తెలుసు. మామ ఏ రోజు ఎన్ని బజ్జీలు తిన్నాడో, ఎన్ని పొట్లం కట్టించుకున్నాడో కూడా తెలుసు. ఆ పొట్లం ఎవరికోసమో కూడా తెలుసన్నట్టు నా వైపు చూసింది. నేను గంటె కడగడం మొదలుపెట్టాను.

మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని కొడుకు అడిగాడు. ఆయన ఇంట్లో ఉంటే ఈ కుర్చీ నాకు దొరుకుతుందా అంది అత్త. పెళ్ళయిన నాటి నుంచి ఆ కుర్చీ మీద తనకు కన్నుందని, కొడుకు పుణ్యమా అని దొరికిందని, దాన్ని ఎందుకు పోగొట్టుకోవాలని అంది. ఆమె గొంతులో సిగ్గు లేదు, కోపం లేదు. పిడకలు ఎండాయో లేదో చెప్పినంత మామూలుగా చెప్పింది. తర్వాత నన్ను స్కూటీ తీసుకొని పోయి ఆయన్ను తీసుకురమ్మంది.

"ఏం జెప్పి తేవాలె?" అన్నాను.

"బజ్జీల సంగతి అత్తకు ఎర్కే అని చెప్పు. గంతే. ఆయనే లేస్తడు."

పోయేసరికి చినుకులు పడుతున్నాయి. మామ టార్పాలిన్ అంచు మీద రాళ్ళు సర్దుతూ కనిపించాడు. ఇంటికి రమ్మంటే రానన్నాడు. పిల్లలు కష్టపడి ఇంత దూరం వచ్చారు, నా మూలంగా పోవద్దన్నాడు. చేతిలో రాయి అటూ ఇటూ మారుస్తూ, తాను కాటా దగ్గర పనిచేసిన రోజుల్లో తన చేతి మీదుగా ఎన్ని బండ్లు పోయినా ఎవరికీ నష్టం కాలేదని, ఈ వయసులో ఇదేమిటో అర్థం కావడం లేదని అన్నాడు. నవ్వు రావాల్సిన మాటే. నాకు రాలేదు. అత్త చెప్పమన్న మాట చెప్పాను.

మామ చేతిలోంచి రాయి జారి కిందపడింది.

"ఎన్నటి సంది ఎర్కనట?" అన్నాడు.

మార్చి సంది, హోటలాయన భార్య చెప్పిందట అన్నాను. ఆయన కాలువ వైపు తిరిగాడు. ఆ తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని దగ్గరకు పోతే, నవ్వుతున్నాడు. బీడీల వరసలో దొరికిపోయానని తనలో తాను అనుకుంటూ వచ్చి స్కూటీ వెనక కూర్చున్నాడు. దారి పొడవునా మధ్యమధ్యలో ఆ నవ్వు నా వీపుకు తగులుతూనే ఉంది.

ఇంటికొచ్చాక పడక కుర్చీ ఖాళీ చేస్తుందేమో అనుకున్నాం. అత్త కదల్లేదు. స్టూలు చూపించింది. మామ కూర్చున్నాడో లేదో వికెట్ పడింది. గదిలో అందరూ మామ వైపు తిరిగారు. మామ లేవబోయాడు. మా వెనకే వరండాలోంచి లోపలికి వచ్చిన నా మొగుడు నోరు తెరవబోయాడు.

"నువ్వు గూడ గిప్పుడే అచ్చినవ్ గదరా లోపలికి," అంది అత్త కొడుకుతో. "నీ సూపేమో, ఎవనికి ఎర్క?"

నా మొగుడి జీవితంలో ఆ ఆలోచన ఎప్పుడూ వచ్చినట్టు లేదు. నోరు మూసుకొని, గుమ్మానికి ఆనుకొని, సగం గదిలో సగం వరండాలో నిలబడ్డాడు. మిగతా ఆటంతా అలాగే చూశాడు. తెర మీద ఒక పిల్ల నిలబడిపోయింది. చెమటతో తడిసి, అలసిపోయి, అయినా కదలకుండా ఆడింది. కొండంత స్కోరు మెల్లమెల్లగా కరిగింది. గెలిచాక ఆ పిల్ల ఏడుస్తుంటే అత్త కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. మామ మాత్రం తెర వైపు కాక తన చేతుల వైపు చూసుకుంటున్నాడు. ఆ చేతులతోనే ఆ పరుగులు కొట్టినట్టు.

దాంతో కథ ముగిసిందనుకుంటే పొరపాటే. పొద్దున లేచేసరికి మామ ధోరణి మారిపోయింది. తాను వచ్చి కూర్చున్నాకే గెలిచారని, తన చూపు నిజానికి కలిసొచ్చే చూపని, ఇన్నాళ్ళూ దాన్ని బయటికి తరిమి దేశానికి నష్టం చేశారని కొడుకుకు చెప్పాడు. ఫైనల్‌కు తాను ఇంట్లోనే ఉండాలంటే మటన్ ఉండాలన్నాడు. ఉండకూడదన్నా మటనే, ఉండాలన్నా మటనేనా అని నా మొగుడు తల పట్టుకున్నాడు. ఆ మాట ఎలా పోయిందో గోడ అవతలికి పోయింది. ఫైనల్ రోజున దలాలి కుటుంబంతో సహా మా ఇంటికొచ్చి, మామ పక్కనే చాప వేసుకొని కూర్చున్నాడు. పాత సంగతులు ఎవరూ ఎత్తలేదు.

ఫైనల్‌కు వాన అడ్డం పడి ఆట ఆలస్యమైంది. మటన్ మాత్రం వేళకే అయిపోయింది. మామ కడుపునిండా తిన్నాడు. మొదటి సగమంతా స్టూలు మీద నిటారుగా కూర్చొని చూశాడు. అవతలి జట్టు ఆట మొదలైన కొంతసేపటికి గోడకు ఆనుకున్నాడు. ఆ తర్వాత గడ్డం ఛాతీ మీదకు వచ్చింది. లేపుదామా వద్దా అని గది రెండుగా చీలిపోయింది. కలిసొచ్చే చూపైతే లేపాలని దలాలి, చెడ్డ చూపైతే ఇలాగే ఉండనివ్వాలని నా మొగుడు. ఇద్దరూ గొంతు తగ్గించి వాదించుకుంటుంటే మన పిల్లలు గెలిచేశారు. పటాకుల చప్పుడుకు మామ కళ్ళు తెరిచి, చూస్తూనే ఉన్నానన్నాడు.

మర్నాడు హోటల్‌లో, బస్టాండులో, బీడీల వరసలో ఇదే చర్చ. మామ చూసినట్టా, చూడనట్టా. మామను అడిగితే ఒక కన్ను తెరిచే ఉంచానని చెప్పాడు. ఏ కన్ను అని దలాలి అడిగాడు. అది మాత్రం చెప్పనన్నాడు.

అదే నెలలో కబడ్డీ వచ్చింది. ఆ ఫైనల్ నాడు నా మొగుడికి పొలాల దగ్గర మోటార్ల పని ఎక్కువగా ఉండి ఇంటికి రాలేదు. దలాలి యార్డులో ఉన్నాడు. అత్త, మామ, నేను ముగ్గురమే. కూతకు పోయిన పిల్ల గీత తొక్కిందా లేదా అని ఇద్దరూ మాటామాటా అనుకున్నారు. తొక్కిందని మామ, తొక్కలేదని అత్త. కబడ్డీ గురించి నీకేం తెలుసని మామ అన్నాడు. అత్త కుర్చీలోంచి లేచి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకొని, గచ్చు మీద సుద్దముక్కతో గీత గీసి, కాలు ఎంతవరకు పోవచ్చో చూపించింది. నా జాకెట్ల సుద్ద అది. మామ గీత అవతల నిలబడి వంగి చూశాడు. ఇద్దరూ అలా వంగి ఉండగానే టీవీలో ఆట అయిపోయింది. మన పిల్లలు కప్పు ఎత్తుతుంటే చూసింది నేనొక్కదాన్నే.